పొలిమేర దాటని శాస్త్రజ్ఞుడు

పరిశోధకులు దేశదేశాలు సులువుగా తిరిగి రావాలని ఢిల్లీలో తయారైన కాగితం, హైదరాబాదు మీదుగా నెల్లికుదురు చేరడానికి ఐదు నెలలు పట్టింది. ఎద్దుబండిలో వేసి పంపినా అంతకంటే ముందే వచ్చేది. తీరా వచ్చేసరికి దరఖాస్తుకు నాలుగు రోజుల గడువు మిగిలింది. అందులో ఒకటి రంజాన్ సెలవు, ఇంకొకటి ఆదివారం.

అది 1982. నెల్లికుదురు బయట ఐదెకరాల జొన్న చేను, ఒక రేకుల షెడ్డు, నీళ్లకంటే చప్పుడు ఎక్కువ వచ్చే చేతిపంపు ఉండేవి. వీటన్నిటినీ కలిపి ప్రభుత్వం ఉప పరిశోధన కేంద్రం అనేది. అందులో శ్రీపాల్ పన్నెండేళ్లుగా పరిశోధన సహాయకుడు. ఎవరికి సహాయకుడని అడిగితే చెప్పడం కష్టం. అక్కడ పరిశోధకుడి కుర్చీ మొదటి నుంచీ ఖాళీయే. పనంతా సహాయకుడే చేసి, ఆ ఖాళీ కుర్చీ ద్వారా పైకి నివేదిక పంపేవాడు. ఆయన తర్వాత చేరినవాళ్లు ఇద్దరు, ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలిసినవాళ్లు, అప్పటికే హైదరాబాదులో ఆఫీసర్లయి కూర్చున్నారు.

శ్రీపాల్‌కు కాళ్లు పట్టుకోవడం రాదు. ఆయనకు వచ్చిందల్లా ఒక ఈగ. జొన్న మొలిచిన పది రోజులకు ఆకు అడుగున గుడ్డు పెట్టి, పిల్ల పురుగును మొక్క నడుమకు పంపి, మొవ్వును కోసి చంపే ఈగ. చూస్తే దోసగింజంత ఉండదు గానీ, ఆలస్యంగా విత్తిన చేనును సగానికి సగం తినేస్తుంది. మొవ్వు చచ్చిన మొక్కల్ని శ్రీపాల్ రోజూ వంగి లెక్కపెట్టి రిజిస్టరులో రాసేవాడు. వాన పడి లెక్క తప్పిన రోజు "లెక్క తప్పింది" అనే రాసేవాడు తప్ప, నిన్నటి అంకె చూసి ఇవాళ్టి అంకె వేసే రకం కాదు.

ఆ చేలో పనిచేసే జమ్లీ ఒకసారి తన పుట్టింటి నుంచి మూటెడు జొన్నలు తెచ్చింది. ఆమె పుట్టిల్లు గంగారం అడవిలో ఒక తండా, మెట్టినిల్లు నెల్లికుదురు పక్క తండా. "గీ ఇత్తుల జోలికి ఈగ రాదు సారూ. గింజలే తక్కువ" అంది. శ్రీపాల్ నమ్మలేదు. మూడేళ్లు వరసగా విత్తి చూశాడు. నిజంగానే ఈగ రాలేదు. గింజలూ నిజంగానే తక్కువ. ఇక ఆయన బతుకు ఒకటే ధ్యాస అయిపోయింది. ఆ జొన్నలోని గట్టితనాన్ని ఎక్కువ పండే జొన్నలోకి ఎక్కించాలి. దానికి ఏటా వందల మొక్కల మీద ఈగను వదిలి పరీక్షించాలి. ఈగేమో మనం రమ్మన్నప్పుడు రాదు. దోమతెరలతో పంజరాలు కట్టి పెంచబోతే మూడో రోజుకే చచ్చిపోయేవి.

కెన్యా దేశంలో ఒక పరిశోధనాలయం వాళ్లకు ఆ విద్య తెలుసు. పన్నెండు నెలలూ పంజరాల్లో ఇదే జాతి ఈగను పెంచుతారు. శ్రీపాల్ రాసిన ఉత్తరానికి వాళ్లు జవాబిచ్చారు. జొన్న మీ కంటే ముందు మా గడ్డ మీద పుట్టింది, మీ విత్తనాలు పట్టుకుని ఒక ఏడాది వచ్చి ఉండండి, నేర్పుతాం, తిండీ గదీ మావే, మీ ప్రభుత్వం పంపితే చాలు అని. ఆ ఉత్తరాన్ని ఆయన ఏడాదిన్నరగా జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. ప్రభుత్వం ఎందుకు పంపుతుంది? దారి లేదు. ఇప్పుడు ఐదు నెలల ప్రయాణం చేసి దారే నడిచి వచ్చింది.

హెడ్ క్లర్క్ సాంసన్ ఆ కాగితాన్ని పైకి చదివి వినిపించాడు. పేరు: పరిశోధకుల పదోన్నతి, దేశాంతర సంచార పథకం. ప్రతిభ గల పరిశోధకుడు ఒకేచోట మగ్గిపోకూడదు. విదేశీ పరిశోధనాలయంలో ఏడాది పనిచేసి తిరిగి రావాలి. వచ్చిన రోజు నుంచి శాస్త్రజ్ఞుడి హోదా. వయసు నలభై దాటకూడదు.

"శ్రీపాల్ సాబ్, గీ కాయిదం మీ ముక్కు కొలత తీస్కొని కుట్టినట్టున్నది" అన్నాడు సాంసన్. "మీకు ఎన్నేండ్లు?"

"ముప్పైతొమ్మిది. వచ్చే మార్చికి నలభై."

"అయితే గిదే మొదలు, గిదే ఆఖరు. కూసోండి, రాద్దాం."

రంజాన్ సెలవునాడు, ఆదివారం నాడు కూడా కూర్చుని ఇద్దరూ ఇరవై ఒక్క ప్రతులు నింపారు. పదిహేడో గడిలో "దరఖాస్తుదారు ఇంతకుముందు సంచరించిన ప్రదేశములు, ఆధారములతో" అని ఉంది. శ్రీపాల్ నాగపూర్ అని రాశాడు. 1961 నుంచి ఆరేళ్లు అక్కడి వ్యవసాయ కాలేజీలో ఉండి, పురుగుల శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి వచ్చాడు. సాంసన్ ఆ పట్టా నకలు, దానితోపాటు సర్వీసు పుస్తకంలోని కాగితాలన్నిటి నకళ్లు జతచేశాడు. ఒక కాగితం తక్కువైతే తిప్పి పంపుతారని ఆయన భయం. ఎక్కువైతే ఏమవుతుందో ఆయనకు అనుభవం లేదు.

మూడు వారాల తర్వాత సచివాలయం నుంచి స్పష్టీకరణ కోరుతూ ఉత్తరం వచ్చింది. దరఖాస్తుదారు 1961 నుంచి 1967 వరకు నాగపూర్‌లో ఉన్నట్టు పట్టా చెబుతోంది. ఆయన ముల్కీ సర్టిఫికెట్ మాత్రం "ఇతడు జన్మించిన నాటి నుండి నేటి వరకు ఒక్క దినమైనను స్వగ్రామము పొలిమేర దాటి ఎరుగడు" అని చెబుతోంది. రెండింటిలో ఏది నిజం?

ఉత్తరం చదివి సాంసన్ సర్వీసు పుస్తకం తెరిచాడు. రెండు కాగితాలూ ఒకే దారంతో కుట్టి ఉన్నాయి. పన్నెండేళ్లు పక్కపక్కనే పడుకుని ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. సాంసన్ తల పట్టుకున్నాడు.

ఆ సర్టిఫికెట్ కథ 1969లో మొదలైంది. తెలంగాణ కొలువులు తెలంగాణ వాళ్లకే కావాలని ఊళ్లన్నీ లేచిన ఏడాది. పదిహేనేళ్లు ఈ గడ్డ మీద ఉన్నవాడే ముల్కీ, ముల్కీకే కొలువు అని నిబంధన. నిబంధన ఉన్నచోట నకిలీ ఉంటుంది గదా. నిన్న రైలు దిగినవాడు కూడా పదిహేనేళ్ల సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని తిరిగేవాడు. అలాంటి వాళ్ల మీద మండిపడి జనగామ స్టేషన్లో రైలుకు అడ్డంగా కూర్చున్న వందల మందిలో శ్రీపాల్ ఒకడు. వీపు మీద లాఠీ వాత కూడా ఉంది. ఎమ్మెస్సీ చేసి రెండేళ్లుగా ఖాళీగా తిరుగుతున్నాడు, కడుపు మంట మామూలుది కాదు.

మరుసటేడు కొలువు వచ్చింది, సర్టిఫికెట్ తెమ్మన్నారు. తాతలనాటి నుంచీ ఆ మట్టిలోనే పుట్టిన కుటుంబం. ఉన్నది ఉన్నట్టు రాస్తే సరిపోయేది. కానీ శ్రీపాల్ బాపుకు సరిపోలేదు. దొంగ ముల్కీలందరి దగ్గరా పదిహేనేళ్ల కాగితమే ఉంటే, అసలు ముల్కీ దగ్గరా అదే కాగితమా? లింగాల ఘనపూర్ పక్కనున్న తమ ఊరి పట్వారి వెంకట్రాం పంతులును పిలిచి, జర గట్టిగ రాయమన్నాడు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఇదొక అలవాటైపోయింది. నిజాన్ని ఎవరూ నమ్మరని నిజానికే నాలుగు పొరలు సున్నం కొట్టించేవాళ్లు. పంతులు కొట్టాడు, తహసీల్దారు ముద్ర వేశాడు. ముల్కీ నిబంధనలు కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి కొన్నేళ్లకు చచ్చిపోయాయి. కాగితం మాత్రం చావలేదు. అలా అసలు సిసలు ముల్కీ దగ్గర ఊళ్లోకెల్లా పెద్ద అబద్ధపు సర్టిఫికెట్ మిగిలింది.

శ్రీపాల్ బస్సెక్కి ఊరికి పోయాడు. పంతులుకు డెబ్బై దగ్గర పడ్డాయి, కళ్లద్దాలకు ఒక కాడ బదులు దారం ఉంది, పట్వారిగిరీ మాత్రం వదల్లేదు. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించి, సంగతంతా విన్నాడు.

"పంతులూ, నేను ఆరేండ్లు నాగపూర్‌ల ఉన్నట్టు జర దిద్ది రాసియ్యండి."

"దిద్దుడేంది నాయినా? పట్వారి కలం ఒకసారి రాస్తే రాసినట్టే."

"నేను నాగపూర్ పోయింది మీకు ఎరుకనే గద. బండి కట్టిచ్చి జనగామల రైలెక్కిచ్చింది మీరే."

"ఎరుకనే. ఎక్కిచ్చిన. నువ్వు ఏడ్సినవు గూడ. కని కాయిదం మీద ఎక్కియ్యలే. మీ బాపు గట్టిగ రాయమన్నడు, రాసిన. ఇప్పుడు నువ్వు మెత్తగ రాయమంటున్నవు. ఒక్క కొడుకు మీద రెండు కాయిదాలు రాస్తే, రెండూ పట్టుకొని నన్ను జైల్ల ఏస్తరు. ఈ వయసుల నాకు జైలు కూడు ఎందుకు బిడ్డా?"

పంతులు అన్నదాంట్లో తప్పు లేదు, అదే శ్రీపాల్‌కు ఎక్కువ ఒళ్లు మండించింది. ఆ అబద్ధంలో తనకూ వాటా ఉంది. పన్నెండేళ్ల కింద ఆ కాగితం చదివి, నాగపూర్‌ను మింగేసిన ఆ వాక్యం దగ్గర నవ్వుకుని, మడిచి జేబులో పెట్టుకున్నది తానే.

సెప్టెంబరు మొదట్లో కమిటీ ముందుకు రమ్మన్నారు. హైదరాబాదులో పెద్ద గది, పెద్ద బల్ల, బల్లకు ఆవల నలుగురు. మధ్యలో పథకం కార్యదర్శి రఘునాథ్. ఆయనదీ నెల్లికుదురు పక్కనున్న మానుకోటే. కానీ సచివాలయం మెట్లెక్కేటప్పుడు యాసను చెప్పులతోపాటు కిందనే విడిచి వచ్చే మనిషి. పద్నాలుగు సార్లు బదిలీ అయ్యాడట, ఆ సంగతి ముందుగా తానే చెప్పుకున్నాడు. శ్రీపాల్ కెన్యా ఉత్తరం, పన్నెండేళ్ల రిజిస్టర్లు, ఒక సంచిలో జమ్లీ జొన్నలు బల్ల మీద పెట్టాడు. ఎవరూ ముట్టుకోలేదు.

"మీ కాగితాలు రెండున్నాయి" అన్నాడు రఘునాథ్. "ఒకదాని ప్రకారం మీరు పుట్టినప్పటి నుంచి ఊరు దాటలేదు. రెండోదాని ప్రకారం ఆరేళ్లు నాగపూర్‌లో చదివారు. రెండింటి మీదా సర్కారు ముద్ర ఉంది. ముద్ర అబద్ధం చెప్పదు. ఏమంటారు?"

"సర్టిఫికెట్ల జర ఎక్కువ రాసిండ్రు సార్."

"అంటే అబద్ధపు సర్టిఫికెట్‌తో ఉద్యోగం సంపాదించారు. స్టెనో, రాసుకో."

"అట్ల గాదు సార్! నేను ముల్కీనే. మా తాత, ముత్తాత..."

"అయితే సర్టిఫికెట్ నిజం. ఊరు దాటలేదు."

"దాటిన సార్. గిప్పుడు హైదరాబాదుల మీ ముందట కూసున్న గద. పొలిమేర దాటకుంటే ఎట్ల వచ్చిన?"

రఘునాథ్ సర్వీసు పుస్తకం తిరగేసి, తల అడ్డంగా ఊపాడు. "అది ఇందులో నమోదు కాలేదు."

ఒక సభ్యుడు కెన్యాలో చలి ఎంత ఉంటుందని అడిగాడు. ఇంకొకాయన అక్కడ శాకాహారం దొరుకుతుందా అన్నాడు. ముప్పావుగంటలో ఈగ అన్న మాట ఒక్కసారే వినిపించింది. అదీ మూడో సభ్యుడి చాయ్‌లో ఒకటి పడ్డప్పుడు. శ్రీపాల్ తన జొన్న సంచి తానే తీసుకుని బయటికి వచ్చాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారులు నలుగురు, పైగా దేవుడి చేతి రాత తమకు అర్థం కావడం లేదంటున్నారు. మెట్లు దిగుతుంటే ఆయనకు కోపం కంటే ఏడుపు ఎక్కువ వచ్చింది.

నెలాఖరుకు నిర్ణయం వచ్చింది. సాంసన్ కవరు చింపి, రెండుసార్లు మనసులో చదువుకుని, మూడోసారి పైకి చదివాడు.

"కమిటీ రెండు పత్రములను సత్యములుగానే స్వీకరించినది. స్వగ్రామ పొలిమేర దాటకుండానే నాగపూర్ పట్టా సాధించిన దరఖాస్తుదారుని ప్రతిభ అసామాన్యము. అట్టి వ్యక్తి కెన్యాకు పోకుండానే కెన్యా పరిశోధనను పూర్తి చేయగలడని, కావున ఆయనను పంపుట ప్రజాధన దుర్వినియోగమని కమిటీ భావించినది. పరిశోధన పూర్తయినట్లుగా పరిగణించి, ఆయనకు శాస్త్రజ్ఞుని హోదా మంజూరు చేయనైనది. కెన్యాకు కేటాయించిన స్థానములో, విశేష సంచారానుభవము గల కార్యదర్శి శ్రీ రఘునాథ్ గారు పథకము అమలును పరిశీలించుటకు వెళ్లుదురు."

కింద ఒక ధ్రువీకరణ పత్రం జతచేశారు. అచ్చు వేసి పంపారు, దస్కతు పెట్టడమే తరువాయి. ఊరు దాటకుండానే చదివానని, విదేశం పోకుండానే పరిశోధన పూర్తి చేశానని, మొవ్వు చంపు ఈగ సమస్య పరిష్కారమైందని, ఇదంతా సంతోషపూర్వకంగా ఒప్పుకుంటున్నానని. వారంలోగా దస్కతు చేయకపోతే ముల్కీ సర్టిఫికెట్‌ను విచారణకు పంపుతారు.

"విచారణ అంటే తెలుసు గద సాబ్" అన్నాడు సాంసన్ గొంతు తగ్గించి. "మీ కొలువు పోతది. ముసలి పంతులుకు బేడీలు. దస్కత్ పెడితే ఆఫీసరు. ఎవలు చూడొచ్చిండ్రు?"

"చెయ్యని పని చేసిన్నని ఎట్ల రాయాలె సాంసనన్నా?"

"మీరు రాసేదేమున్నది? వాళ్లే రాసి పంపిరి."

శ్రీపాల్ ఆరు రోజులు ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. రోజూ చేలో వంగి లెక్కపెట్టాడు, రిజిస్టరులో రాశాడు. ఇంట్లో భార్య అరుంధతి, కెన్యాలో చల్లగా ఉంటుందని విని పిల్లల అట్లాసు ముందేసుకుని అల్లుతున్న స్వెట్టరును ఒక చెయ్యి దగ్గర ఆపేసింది. ఏం చేయమంటావని అడిగితే, "పంతులు తాత జైలుకు పోతే మన ఊర్లె మొఖం ఎట్ల చూపిస్తం?" అంది. ఏడో రోజు పొద్దున, రోజూ అంకెలు రాసే కలంతోనే దస్కతు చేశాడు. రైలుకు అడ్డం కూర్చున్న మనిషి ఒక కాగితానికి అడ్డం కూర్చోలేకపోయాడు. ఆ సిగ్గు అప్పుడు మొదలై, ఆయనతోనే ఉండిపోయింది.

కెన్యా వాళ్లకు రాలేనని రాయబోయాడు. ఎందుకు రాలేడో రాసే చోట కలం ఆగిపోయింది. అది ఏ భాషలోనూ వాళ్లకు అర్థమయ్యే సంగతి కాదు. చివరికి ఆరోగ్యం బాగాలేదని రాశాడు. ఒకసారి అలవాటైతే అబద్ధం రాయడం పెద్ద కష్టమేమీ కాదని తేలింది.

సాంసన్ మాత్రం ఊరుకోలేదు. మానుకోట నుంచి బూందీ లడ్డూలు తెప్పించాడు, షెడ్డుకు కొత్త బోర్డు రాయించాడు. శ్రీపాల్, ఎమ్మెస్సీ, శాస్త్రజ్ఞుడు. పన్నెండేళ్ల ఖాళీ కుర్చీని తుడిపించి ఆయన్ను అందులో కూర్చోబెట్టాడు. కూలీలందరికీ లడ్డూలు పంచుతూ, "సారు పరిశోధన పూర్తయిందని సర్కారే ఒప్పుకున్నది. ఈగ పని ఖతం" అని గట్టిగా చెప్పాడు. చెప్పినవాడికి తమాషా. విన్నవాళ్లకు కాదు.

సాయంత్రం పని దిగి కూలీలు పోయారు. జమ్లీ పోలేదు. షెడ్డు ముందుకు వచ్చి నిలబడింది. ఆమె మొఖంలో అంత సంతోషం శ్రీపాల్ ఎప్పుడూ చూడలేదు. పోయిన చలికాలం యాసంగి పంటలో ఆమె రెండెకరాల జొన్న మొవ్వెండి పోతే, పెనిమిటి బీక్యా చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర పోయి నాలుగు నెలలు అక్కడే ఉన్నాడు.

"పని అయిపోయిందట గద సారూ. మా బీక్యాకు చెప్పిన. ఈ యేడు ఎక్కడికి పోకు, సారు కొత్త ఇత్తులు తీసిండు అని" అంది. "ఆదివారం నాగలి కడ్తం. రెండెకరాలకు ఎన్ని వస్తయో గన్ని పొయ్యి సారూ."

తలమీది ఓణి కొంగును రెండు చేతులా పట్టి చాపింది.

శ్రీపాల్ శాస్త్రజ్ఞుడి కుర్చీలోంచి లేచాడు. షెడ్డులో రెండే రకాల విత్తనాలున్నాయి. ఒకటి ఈగ తినేది, రెండోది ఆమె తెచ్చిందే. ఆయన లేచినచోటే నిలబడిపోయాడు. జమ్లీ కొంగు చాపుకుని, ఇంకా నవ్వుతూ, ఆయన కదులుతాడని చూస్తోంది.